అవ్వ పటానికి ఒక కెమెరా

"ఒరే అబ్బోడా, నా పటానికి ఒక ఫోటో తీసిపెట్టరా" అని అవ్వ అడిగినప్పుడు నేను తిరుత్తణి ఇంట్లో, పడసాలలో కూర్చుని దోసె తింటా ఉన్నా. పక్కన గోడకానించి కెమెరా సంచి ఉంది. దాన్ని చూసే అడిగింది. పటం అంటే ఏ పటమో మన ఇళ్ళల్లో విడమర్చి చెప్పక్కర్లేదు. దండ వేసే పటం.

"పొద్దున్నే ఏం మాటలత్తా అవి" అని చిన్నమ్మ వంటింట్లోంచి కసిరింది. అవ్వ పట్టించుకోలేదు. "మీ తాతకు చేసినట్టు నాకు చెయ్యొద్దండి. నేను అడిగేది అంతే" అన్నది.

తాతకు ఏం చేశారో మన పిల్లలకు తెలియదు కాబట్టి రాస్తున్నా. తాత తెలుగు అయ్యవారు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి విడిపోయి మద్రాసు రాష్ట్రంలో కలిసేనాటికి ఆయన ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. రాష్ట్రం మారింది గానీ ఆయన బడిలో పలకల మీద అక్షరాలు మారలేదు. 1994లో ఆయన పోయినప్పుడు ఇల్లంతా వెతికితే దొరికింది ఒకే ఒక్క ఫోటో. 1978లో ఒక హెడ్మాస్టరు రిటైరైనప్పుడు టీచర్లందరూ మూడు వరసల్లో కూర్చుని, నిలబడి తీయించుకున్న గ్రూప్ ఫోటో. అందులో తాత తల చింతగింజంత. స్టూడియోలో దాన్ని పదింతలు పెంచారు. పెంచేసరికి మొహమంతా బూడిదరంగు మచ్చలయింది. ఇక ఆర్టిస్టు ఒకాయన బ్రష్షు పట్టుకుని మీసం దిద్ది, జుట్టు దిద్ది, తాత జన్మలో వేసుకోని నల్లకోటు వేసి, కళ్ళు కొత్తగా గీశాడు. ఆ పటమే ఇప్పటికీ పడసాలలో ఉన్నది.

మా ఊళ్ళో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి తలపాగా, కళ్ళజోడు దేశంలో ఏ బడిపిల్లాడైనా గుర్తుపడతాడు. ప్రతి సెప్టెంబరు 5న ఆ ఫోటోకి దండ వేసిన మా తాత మొహం మాత్రం మాకే సరిగా తెలియదు.

మా నాయన బెంగళూరులో పనిలో చేరినాక సెకండ్ హ్యాండ్‌లో ఒక ఆగ్ఫా క్లిక్ 3 కొన్నాడు. 120 రోలు, రోలుకు 12 బొమ్మలు. ఆ పన్నెండూ మా పుట్టినరోజులకే సరిపోయేవి. ఊరికి వచ్చినప్పుడు అవ్వను తీయలేదా అని అడిగితే, "తీద్దామనే అనుకుంటిమి, రోలు అయిపోయిండేది" అంటాడు. ఈ మాట మన చుట్టాల్లో ఇంకో నాలుగిళ్ళలో కూడా విన్నాను.

ఇంట్లో కెమెరా పిచ్చోణ్ణి నేనే కాబట్టి పని నా మీద పడింది. నేను తిరువళ్ళూరులో ఉంటా, రోజూ లోకల్‌లో చెన్నై పోయి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తా. అంటే ఇంకొకళ్ళు కట్టినదాంట్లో తప్పులు వెతికి జీతం తీసుకోవడం. ఆ బుద్ధి కెమెరాల దగ్గర కూడా పోదు. ఒకటి కొనడానికి ముందు నాలుగు బాడుగకి తెచ్చి చూస్తా. శుక్రవారం సాయంత్రం చెన్నైలో తీసుకుని, సోమవారం పొద్దున తిరిగి ఇచ్చెయ్యడం. ఆ రెండు రోజులూ తిరువళ్ళూరులో వీరరాఘవస్వామి కోనేటి దగ్గర, తిరుత్తణి కొండ మీద, మధ్యలో రైల్లో. అవ్వ అడిగినాక దానికో లక్ష్యం దొరికిందని సంతోషపడ్డా. నోటు పుస్తకంలో గళ్ళు గీసి, ఒక పక్క "రావలసింది", ఇంకో పక్క "వచ్చింది" అని రాసుకున్నా. మొదటి గడిలో రాసింది: అవ్వ గడ్డం మీద పచ్చబొట్టు చుక్క కనబడాలి. రెండోది: ముక్కుపుడకలు రెండూ మెరవాలి. మూడోది: ముడతలు పోకూడదు.

ముందు ఫోన్‌తోనే తీశా. ఇంట్లో అందరూ ఇది చాలదా అన్నారు కదా. చాలలేదు. ఫోన్ కెమెరా అడక్కుండానే అవ్వ మొహాన్ని ఇస్త్రీ చేసింది. ముడతలు సగం పోయాయి, పచ్చబొట్టు ఏదో మరకలా పలచబడింది. ఆ "అందం" సెట్టింగులన్నీ తీసేసి మళ్ళీ తీస్తే పచ్చబొట్టు వచ్చింది గానీ ముక్కు పెద్దదయింది. అవ్వ చూసి "ఇది మా పెద్దక్క" అన్నది. పెద్దక్కతో అవ్వకు ముప్పై ఏళ్ళుగా మాటల్లేవు.

ఆ ముక్కు సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే చాలామంది తప్పు లెన్సు మీద వేస్తారు. తప్పు దూరానిది. ఒక మనిషి తల, భుజాలు ఫోటో నిండా రావాలంటే, అంటే రెండడుగుల ఎత్తు, 28 ఎంఎం లెన్సుతో ఒకటిన్నర అడుగు దగ్గరికి పోవాలి. అంత దగ్గర్నుంచి చూస్తే ముక్కు చెవికంటే మనకు చాలా దగ్గర, అందుకే పెద్దగా పడుతుంది, చెవులు వెనక్కి పోతాయి. అదే 90 ఎంఎం అయితే ఐదడుగుల దూరంలో నిలబడొచ్చు. ఐదడుగుల మీద ముక్కుకీ చెవికీ మధ్య ఉండే నాలుగైదు అంగుళాలు లెక్కలోకి రావు. మనం ఎదుటి మనిషితో మామూలుగా మాట్లాడే దూరం కూడా దాదాపు అంతే. మనకు తెలిసిన మొహం ఆ దూరం నుంచి కనబడే మొహమే. ఫోన్లలో ముఖ్యమైన కెమెరా సాధారణంగా 24 నుంచి 28 మధ్య ఉంటుంది. సెల్ఫీలో మనకు మనమే నచ్చకపోవడానికి ఇదీ ఒక కారణం.

మొదట తెచ్చిన కాంపాక్ట్ సోనీ ఆర్‌ఎక్స్100. 2012లో వచ్చిన మొదటి మోడల్, నా కంటే ముందు ఎంతమంది బాడుగకి తీసుకున్నారో, అంచుల్లో రంగు పోయింది. 240 గ్రాములు, చొక్కా జేబులో పడుతుంది. 28 నుంచి 100 దాకా జూమ్. 100 దగ్గర పెడితే ఐదున్నర అడుగుల నుంచి తీయొచ్చు, ముక్కు సమస్య తీరింది అనుకున్నా. కానీ ఇందులో ఇంకో మెలిక ఉంది. 28 దగ్గర ఆ లెన్సు ఎఫ్/1.8, 100 దగ్గర ఎఫ్/4.9. అంటే జూమ్ చేసేకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు ఏడో వంతుకు పడిపోతుంది. మా పడసాలకు ఉన్నది ఒక కిటికీ, ఒక ట్యూబ్‌లైటు. ఐఎస్ఓ 3200 దాకా పెంచాల్సి వచ్చింది. పెంచితే నూకలు చల్లినట్టు చుక్కలు. అందులో పచ్చబొట్టు చుక్క ఏదో, కెమెరా చుక్క ఏదో తెలియలేదు. ఫ్లాష్ వేస్తే అవ్వకు కళ్ళలో నీళ్ళు. కాటరాక్ట్ ఆపరేషన్ అయినప్పటినుంచి ఆమెకు ఎదురు వెలుతురు పడదు.

అదే కెమెరాని ఆరుబయట చూడండి, బంగారం. ఒక అమావాస్య పొద్దున తిరువళ్ళూరు కోనేటి మెట్ల మీద తీసినవి ఇప్పటికీ నాకు ఇష్టం. మొక్కు తీర్చుకోవడానికి జనం కోనేట్లో బెల్లం వేస్తారు కదా, ఒక ముసలాయన చేతిలోంచి బెల్లం ముక్క నీళ్ళలోకి జారుతున్న ఫోటో ఉంది, వేళ్ళ మీద తడి కూడా కనబడుతుంది. పూండి రిజర్వాయరు దగ్గర కొంగల మీద కూడా ప్రయత్నించా. 100 ఎంఎంతో కొంగలు ఆవగింజలే. పూండికి పోయేది నీళ్ళు చూడ్డానికని సరిపెట్టుకున్నా. 1996 నుంచి కండలేరు మీదుగా కృష్ణ నీళ్ళు అందులోకి వస్తున్నాయి. తెలుగు మాట్లాడేవాళ్ళం ఈ పక్కకు వచ్చి ఎన్నో తరాలైంది, నీళ్ళకు మాత్రం అప్పటికి దారి దొరికింది.

తర్వాత రికో జీఆర్3. దీని గురించి నేను రాయడం మొదలుపెడితే ఆగను, కాబట్టి కొంచెమే. జూమ్ లేదు, ఫ్లాష్ లేదు, వ్యూఫైండర్ లేదు, ఒకే లెన్సు, 28. ఉన్నదల్లా లోపలి సెన్సర్: ఆర్‌ఎక్స్100 సెన్సర్‌కి మూడింతల పైనే. అయినా జేబులో పడుతుంది. దూరాన్ని ముందే 2 మీటర్లకు పెట్టేసి, ఎఫ్/8 పెట్టుకుంటే మీటరు దూరం నుంచి ఇరవై మీటర్ల దాకా ఫోకస్ గురించి ఆలోచించక్కర్లేదు. నొక్కడమే. ఆడికృత్తికకు దాన్ని పట్టుకుని తిరుత్తణి కొండెక్కా. 365 మెట్లు, ఏడాదికి ఎన్ని రోజులో అన్ని. పసుపు గుడ్డలు, పూలకావళ్ళు, "అరోహరా" అంటూ మీద పడే జనం. అక్కడ పెద్ద కెమెరా ఎత్తితే పది మంది తిరిగి చూస్తారు, ఇద్దరు "మమ్మల్ని తీయండి" అని నిలబడిపోతారు. ఈ చిన్నదాన్ని ఎవరూ లెక్కచెయ్యలేదు. కావడి మోస్తూ కళ్ళు మూసుకున్న ఒకామె నాకు రెండడుగుల దూరంలోంచి పోయింది, ఆమెకు నేను అడ్డమూ కాలేదు, ఫోటో కూడా వచ్చింది. లోపల స్వామి దగ్గర మాత్రం కెమెరా సంచిలోనే, అది అందరికీ తెలిసిందే. ఒక్క మాట: లెన్సు బయటికి వచ్చి లోపలికి పోయే కెమెరాలన్నిటికీ దుమ్మే శత్రువు. విభూతి, కుంకుమ గాల్లో తేలే చోటికి పోతే బయటికి వచ్చిన వెంటనే తుడిచి, ఊది, మూసెయ్యాలి.

దిగి వచ్చి అదే ఊపులో అవ్వని తీశా. 28 కదా. మళ్ళీ పెద్దక్క.

మూడోది ఫుజీ ఎక్స్100ఎఫ్. 35 ఎంఎం, ఎఫ్/2. ఇది చూడ్డానికి పాతకాలం కెమెరాలా ఉంటుంది, చిన్నాయనకు అన్నిట్లోకీ ఇదే నచ్చింది. అవ్వకు చప్పుడు వినబడకూడదని ఎలక్ట్రానిక్ షటర్ పెట్టా. ఇంటికి పోయి కంప్యూటర్లో చూస్తే ప్రతి ఫోటోలోనూ అడ్డంగా నల్లని చారలు, అవ్వ చీరకు కొత్త జరీ వేసినట్టు. ట్యూబ్‌లైటు మన కంటికి ఆగకుండా వెలుగుతున్నట్టు కనబడుతుంది గానీ మన 50 హెర్ట్జ్ కరెంటుకు అది సెకనుకు 100 సార్లు తగ్గి పెరుగుతుంది. ఎలక్ట్రానిక్ షటర్ ఫోటోను పైనుంచి కిందికి వరసగా చదువుతుంది కాబట్టి ఒక వరసకు వెలుతురు, ఇంకో వరసకు చీకటి. మామూలు షటర్ పెట్టి, వేగం 1/50కో 1/100కో తెస్తే పోతుంది. తీరా చూస్తే ఆ కెమెరా మామూలు షటర్ కూడా అగ్గిపెట్టె మూసినంత చప్పుడే చేస్తుంది. ఇంత లోతుగా పోయిందెందుకంటే, దొరికిన తప్పుకు కారణం రాయకుండా వదిలేస్తే నాకు నిద్ర పట్టదు.

ఆ కెమెరాతో రెండో రోజు తీసినవి నా మటుకు నాకు అద్భుతం. అవ్వ కిటికీ పక్కన కూర్చుని చిన్న ఉల్లిపాయలు ఒలుస్తా ఉంది. ఒక వైపు మొహం వెలుతురులో, ఇంకో వైపు నీడలో. పచ్చబొట్టు ఉంది, ముడతలున్నాయి, ముక్కుపుడక మెరుస్తా ఉంది. మూడు గళ్ళలోనూ టిక్కు పెట్టా. ఇంక అయిపోయింది, ఇదే పటం అనుకుని, చూపించేది తర్వాత చూపిద్దామని కెమెరా తిరిగిచ్చేశా. ఆ తర్వాత ఆఫీసులో రిలీజులు, శని ఆదివారాలు కూడా పని. రెండు నెలలు తిరుత్తణి పోలేదు.

కార్తీకంలో ఒక రాత్రి చిన్నాయన ఫోన్. అవ్వకు జ్వరం, మూడు రోజులుగా అన్నం ముట్టలేదు, ఆసుపత్రిలో చేర్చాం అన్నాడు. మొదటి బండి పట్టుకుని పోయా. తిరువళ్ళూరు నుంచి అరక్కోణం దాకా ఆ స్టేషన్లన్నీ నాకు కంఠతా వచ్చు, కడంబత్తూరు, మణవూరు, తిరువలంగాడు. ఆ రోజు ఒక్కోదాని దగ్గర బండి ఎంతసేపు ఆగిందో. ఫోన్‌లో ఫోటోలు తెరిచి చూస్తా కూర్చున్నా. 412 ఉన్నాయి. పెద్దక్కలు కొన్ని, నూకలు చల్లినవి కొన్ని, చారలవి కొన్ని, ఉల్లిపాయలవి కొన్ని. ఏదైనా అయితే వీటిల్లో ఏది అని ఆలోచన వచ్చి, ఆ ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే అసహ్యమేసి ఫోన్ జేబులో పెట్టేశా. కానీ ఒకటి మాత్రం అర్థమైంది. అవ్వ అడిగి ఐదు నెలలైంది. నేను ఐదు నెలలు కెమెరాలు చూశా.

పది రోజులకు లేచి కూర్చుంది. ఇంటికి వచ్చినాక మొదటి ఆదివారం ఆ 412 ఫోటోలూ చిన్నాయన టీవీకి కలిపి చూపించా. మంచంలో దిండుకానుకుని, ఒక్కోదానికి తల అడ్డంగా ఊపుతూ వచ్చింది. ఉల్లిపాయల ఫోటో వచ్చినప్పుడు నేను కావాలనే ఆపా.

"ఎట్లుంది అవ్వా?"

"బాగుండాది. ఉల్లిగడ్డలు ఒలిచేదానికి దండ వేస్తారా?"

చిన్నమ్మ నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది. నేను వెలుతురు గురించి ఏదో చెప్పబోయా. అవ్వ వినకుండా, వేలు టీవీ వైపు చూపించి, "ఇందులో నేను యాడ చూస్తా ఉండాను? కింద. దీనికి ముందుదాంట్లో? పైన. దానికి ముందు? అదీ పైనే. నన్ను చూసేదానికి వచ్చినోళ్ళని నేను చూడొద్దా?" అన్నది. కాసేపు ఊరుకుని తాత పటం వైపు తిరిగింది. "ఆయన్ని చూడు. ముప్పై ఏండ్లాయె. నేను దినామూ ఆయన్ని చూస్తా ఉండాను. ఆయన ఒక్కనాడన్నా నన్ను చూసినాడా? ఆ కిటికీ మీద బల్లిని చూస్తా ఉండాడు."

నేను లేచి పటం ముందు నిలబడ్డా. కుడికి జరిగా, ఎడమకు జరిగా. నిజమే. చిన్నప్పటినుంచి చూస్తున్న పటం. కోటు చూసి నవ్వుకున్నాం, మీసం చూసి నవ్వుకున్నాం, కళ్ళు చూడలేదు. తాతకు చేసినట్టు చెయ్యొద్దు అన్నప్పుడు నేను మసక గురించి అనుకున్నా. ఆమె అన్నది చూపు గురించి. ఆఫీసులో కొత్తవాళ్ళకు నేను రోజూ చెప్పే మాట ఒకటుంది: ముందు కావలసిందేమిటో అడిగి తెలుసుకుని తర్వాత టెస్టింగ్ మొదలుపెట్టండి అని. నా నోటు పుస్తకంలో మూడు గళ్ళూ నేను ఊహించి రాసుకున్నవే. ఆమెను ఒక్క మాట అడగలేదు.

ఫోటోలన్నిట్లో అవ్వ పైకి చూడ్డానికి కారణం అప్పుడు పట్టుకున్నా. కాంపాక్టుల్ని మనం వెనక తెర చూస్తూ, ఎద దగ్గరో గడ్డం దగ్గరో పట్టుకుని తీస్తాం. ఎదుటి మనిషి కెమెరాని చూడరు, మన మొహం చూస్తారు. మన మొహం లెన్సుకు జానెడు పైన ఉంటుంది. ఐదడుగుల దూరం నుంచి జానెడు తేడా అంటే చూపు స్పష్టంగా పైకి పోతుంది. "ఈ గాజులోకి చూడవ్వా" అని చెప్పొచ్చు. చెప్పా కూడా. "ఆ గాజులో ఏముండాది చూసేదానికి" అని ఒకసారి చూసి, మళ్ళీ నా మొహమే చూసింది. మాట్లాడే మనిషిని వదిలి గాజుముక్కని చూడడం ఆమెకు మర్యాదగా లేదు. ఫుజీకి కంటికి పెట్టుకునే వ్యూఫైండర్ ఉన్నా నేను దాన్ని కూడా తెర చూస్తూనే వాడా, పాత అలవాటు.

అందుకే ఈసారి తెచ్చింది ఒలింపస్ ఈ-ఎం10, 2014 మోడల్. కంటి దగ్గర పెట్టుకోవడానికి వ్యూఫైండర్ ఉన్న చిన్న బాడీ. దానికి 45 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు. ఆ సెన్సర్ సైజుకి 45 అంటే 90తో సమానం, అంటే మనకు కావలసిన ఐదడుగులు. లెన్సు బరువు 116 గ్రాములు. అవ్వ చేతిలో పెడితే "వక్కాకు డబ్బా మాదిరి ఉండాది" అన్నది. జేబు కెమెరా కాదు నిజమే. కానీ దీని ముందు ఎవరూ బిగుసుకుపోరు, పెళ్ళిళ్ళలో వాడే ఆ నల్లటి గొట్టాల్లా ఉండదు.

పడసాల వదిలేశాం. పొద్దున ఎనిమిదింటికి బయట తిన్నె మీద కూర్చోబెట్టా. తిన్నె మీదికి ఎండ రాదు గానీ ఎదురుగా వీధి అంతా ఎండ, ఆ వెలుతురు తిరిగి వచ్చి మొహం మీద మెత్తగా పడుతుంది. ట్యూబ్‌లైటూ లేదు, చారలూ లేవు. అవ్వ లక్కరంగు పట్టుచీర కట్టి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, గుళ్ళో అమ్మవారిలా నిటారుగా కూర్చుంది. కొంచెం వదులుగా కూర్చోమని చెప్పబోయి నోరు మూసుకున్నా. ఎఫ్/4, 1/160, ఐఎస్ఓ 400. కెమెరా నా కంటికి ఆనించి, ఆమె కళ్ళ ఎత్తుకు వంగా.

"ఇప్పుడు నన్ను చూడవ్వా."

"నువ్వు యాడుండావు? డబ్బా వెనక దాక్కున్నావు."

"ఈ అద్దం వెనక నా కన్ను ఉంది."

ఆమె ఆ కన్ను కోసం చూసింది. వెతికింది అనాలి. కళ్ళు కాస్త చికిలించి, దొరికినాక అక్కడే నిలిపింది. నేను నొక్కింది పదకొండు సార్లు. నాకు మూడోదాంట్లో వెలుతురు బాగుందనిపించింది, ఏడోదాంట్లో పెదవి మీద చిన్న నవ్వు వచ్చింది. ఆమె టీవీలో చూసి మొదటిదాన్నే పట్టుకుంది. మంచం మీద నుంచి తల ఎడమకు వంచి చూసింది, లేచి వాకిలి దగ్గరికి పోయి అక్కణ్ణుంచి చూసింది, వంటింటి గడప దగ్గర్నుంచి చూసింది. "యాడికి పోయినా చూస్తా ఉండాది. ఇది చాలు" అన్నది. ఫోటోగ్రఫీ చదివినవాళ్ళెవరైనా ఆ ఫోటో చూస్తే బిగుసుకుపోయి ఉందంటారు. ఒకప్పుడు నేనూ అనేవాణ్ణే.

తిరువళ్ళూరులో 12 బై 15 ప్రింటు వేయించా. ల్యాబులో కుర్రాడు అలవాటు కొద్దీ మొహం తెల్లగా చేసి, ముడతలు తీసి, వెనక నీలం రంగు వేస్తానన్నాడు. ఏమీ చెయ్యొద్దన్నా. "ఉన్నదున్నట్టేనా?" అని రెండుసార్లు అడిగాడు. 16 మెగాపిక్సెల్ ఫోటో ఆ సైజుకు అంగుళానికి 288 చుక్కలు వస్తుంది, దగ్గర్నుంచి చూసినా చెదరదు. గడ్డం మీద పచ్చబొట్టు ఉన్నచోటే ఉంది. ఫ్రేము కట్టించి, దినతంతి కాగితం చుట్టి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తిరుత్తణి తీసుకుపోయా.

అవ్వ ముందు వైపు చూసినాక ఫ్రేము తిప్పింది. "వెనక ఏమీ రాయలేదే? మీ తాత ఫోటో వెనక రాసినాడు కదా" అన్నది. బీరువాలోంచి ఆ 1978 గ్రూప్ ఫోటో తీయించింది. వెనక తాత చేతిరాతతో మూడు వరసలు. ఇంట్లో ఎవరూ దాన్ని చదవలేదు. చిన్నాయన, చిన్నమ్మ తమిళంలో చదువుకున్నవాళ్ళు, అవ్వకు చదువు రాదు. నాది బెంగళూరులో కన్నడ మీడియం. తెలుగు నేను కన్నడం మీదుగా చదువుతా, దాదాపు ఒకటే లిపి, క, త లాంటి కొన్నిటి దగ్గర తడబడతా, తలకట్టు దగ్గర తడబడతా. కూడబలుక్కుంటూ చదివా. అన్నీ పేర్లే, ఎడమ నుంచి కుడికి, ఎవరు ఎక్కడ నిలబడ్డారో. రెండో వరసలో నాలుగో పేరు ఉండాల్సిన చోట "నేను" అని ఉంది.

"పేరు రాసుకోలేదవ్వా. నేను అని రాశాడు."

అవ్వ నవ్వింది. "అయ్యవారికి ఆ రెండక్షరాలు చాలునని. నాది మాత్రం పేరుతోనే రాయి. నేను అంటే ఎవురని అడుగుతారు తరవాత."

పేరు, ఊరు, తేదీ రాశా. రాసినాక చూస్తే రెండు తలకట్లు కన్నడంలో పడ్డాయి. దిద్దుతానంటే వద్దన్నది, కొట్టివేతలు ఉండకూడదట.

ఒలింపస్‌నే కొనుక్కున్నా, సెకండ్ హ్యాండ్‌లో, 45 లెన్సుతో సహా. కొండకు, కోనేటికి రికో కావాలనే కోరిక పోలేదు, దాన్ని ఎప్పుడైనా బాడుగకే తెచ్చుకుంటా. మనలో ఎవరైనా ఇంట్లో పెద్దవాళ్ళని తీయాలనుకుంటే ఈ సంక్రాంతికి కెమెరా పట్టుకొస్తా, అడగండి. నాయన "నాకు తొందరేమీ లేదు" అన్నాడు గానీ, ఏ చొక్కా బాగుంటుందని అమ్మను అడిగాడట.

అవ్వ పటం ఇప్పుడు దినతంతి కాగితంలోనే బీరువా పైన ఉంది. గోడకు ఎక్కించడానికి చిన్నమ్మ ఒప్పుకోలేదు, బతికున్న మనిషి పటం అక్కడ ఏమిటని. అవ్వ కూడా పట్టుబట్టలేదు. మేకు మాత్రం ఇప్పుడే కొట్టించింది, చిన్నాయనతో, తాత పటం ఎదురుగోడకు, ఆయన ఎత్తుకే. ప్రస్తుతానికి ఆ మేకుకు క్యాలెండరు వేలాడుతోంది. రోజూ పొద్దున కాగితం చించేది అవ్వే.